తీతువు పిట్ట ఫ్రేములో ఎక్కడుండాలి?

ఢిల్లీకి బదిలీ మీద వచ్చిన మొదటి చలికాలంలో నేను తీసిన పక్షుల ఫొటోలు రెండు వేలకు తక్కువుండవు. ఓ ఆదివారం వాటిని మా అమ్మాయికి చూపించాను. పావుగంట ఓపిగ్గా చూసి, "నాన్నా, అన్నీ పాస్‌పోర్టు ఫొటోల్లా ఉన్నాయి" అంది. నిజమే, కేవైసీకి తప్ప ఎందుకూ పనికిరావు! పక్షి సరిగ్గా మధ్యలో, వెనక గజిబిజి కొమ్మలు. అది ఏం చేస్తోందో తెలీదు. ఆ తర్వాత నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు ఇక్కడ రాస్తున్నాను. ఖరీదైన లెన్సు లేనివాళ్లకే ఇవి ఎక్కువ పనికొస్తాయి.

ముందు ఏ పక్షిని తీయాలన్నది. అందరం అరుదైనదాని వెంట పడతాం. గ్రేటర్ నోయిడా దగ్గర ధనౌరీలో సారస కొంగలున్నాయంటే తెల్లవారకముందే కారు తీస్తాం. తీరా అది రెండు పొలాల అవతల ఉంటుంది. ఫొటోలో మిగిలేది బూడిదరంగు చుక్క. అదే చలికాలంలో కశ్మీరీ గేటు దగ్గర యమునా ఘాట్‌కి వెళ్లండి. వలస వచ్చిన గల్ పక్షులు వందల కొద్దీ పడవల చుట్టూ, చేయి చాపితే తగిలేంత దగ్గరగా ఎగురుతుంటాయి. మొబైల్ చాలు. పొగమంచు ఉంటే ఇంకా మంచిది. వెనకున్న గజిబిజినంతా అదే తుడిచేస్తుంది. (కారప్పూస మాత్రం వేయకండి, వేసేవాళ్లు ఎలాగూ ఉన్నారు.)

ఇక ఫ్రేము. కెమెరా పక్షి కంటి ఎత్తులో ఉండాలి, అంటే నేల మీది పిట్ట కోసం మనం నేల మీద పడుకోవాలి. నలభై దాటిన నడుముకు ఇది కొంచెం కష్టమే. ఫోకస్ కంటి మీద పెట్టండి. పక్షి ఎటు చూస్తోందో అటువైపు ఖాళీ ఎక్కువ వదలండి. ఎగిరే పక్షికి షట్టర్ వేగం సెకనులో 1/1600 దగ్గర మొదలుపెట్టండి. ఇవన్నీ వారంలో వచ్చేస్తాయి. నాకు రానిది ఇంకొకటి.

ఏప్రిల్‌లో, నోయిడాలో మా కాలనీ వెనక ఖాళీ స్థలంలో ఓ తీతువు పిట్ట గుడ్లు పెట్టింది. ఇక్కడివాళ్లు టిటహరి అంటారు. తీతువు అరిస్తే కీడని మా నాయనమ్మ చెవులు మూసుకునేది. గూడంటూ ఏమీ లేదు, కంకరలో చిన్న గుంట, అందులో మచ్చల గుడ్లు నాలుగు. కంటి ముందున్న ఆ ఎర్ర తోలు, పసుపు కాళ్లు ఫ్రేము నిండా రావాలని చాప పరుచుకుని ఎనిమిదడుగుల దూరం దాకా పాకాను. పిట్ట లేచిపోయి నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు. దిగుతుందిలే అని ఇరవై నిమిషాలు అలాగే ఉన్నాను. చౌకీదారు వచ్చి, "సాబ్, ఎండకి గుడ్లు ఉడికిపోతాయి" అన్నాడు.

లేచి వచ్చేశాను. మర్నాటి నుంచి ప్రహరీగోడ ఇవతలే నిలబడ్డాను. నలభై గజాల దూరం, నా లెన్సుకి పిట్ట బొటనవేలంత. అక్కడి నుంచే కనిపించింది అసలు సంగతి. కారుతున్న కుళాయి కింది మడుగులో ఆ పిట్ట కూర్చుని పొట్ట ఈకలు తడుపుకుంటుంది. అలాగే నడిచి వెళ్లి గుడ్ల మీద కూర్చుంటుంది. ఎండలో వాటిని చల్లబరిచే పద్ధతి అది. ఎనిమిదడుగుల దగ్గర ఉన్నన్నాళ్లూ నాకిది కనిపించేది కాదు, నేనుంటే అది చేసేది కూడా కాదు.

ఈసారి పిట్టను కింద ఎడమ మూలన పెట్టాను. కుడివైపంతా ఎండిన నేల వదిలేశాను. పొట్ట కింద నీటి చుక్క మెరిసేలా ఉదయం తొమ్మిది లోపే, ఎండ పక్క నుంచి పడుతున్నప్పుడు తీశాను. డెబ్బై తీస్తే ఒకటి నిలిచింది. ముందురోజు తీసిన క్లోజప్‌లు తుడిచేశాను. గుడ్లలో మూడే పిల్లలయ్యాయి. నాలుగోది నా వల్ల పోయిందో లేదో చెప్పలేను.

ఆ ఫొటో చూసి మా అమ్మాయి, "ఇది ఎక్కడికి వెళ్తోంది నాన్నా?" అని అడిగింది. రెండు వేల ఫొటోల్లో ఒక్కదానికీ అడగని ప్రశ్న అది.

పిల్లలతో మొదలుపెట్టాలనుకుంటే ఓఖ్లా పక్షి కేంద్రం సులువు. మెట్రో మెజెంటా లైన్‌లో దాని పేరుతోనే స్టేషనుంది. అక్కడ పైన కరెంటు తీగలు అడ్డం వస్తాయని చాలామంది విసుక్కుంటారు. నేనైతే వాటిని ఫ్రేములో ఉంచేస్తాను. ఈ ఊళ్లో పక్షులు బతికేది ఆ తీగల కిందే కదా. మంచినీళ్లు, పరుచుకోవడానికో పాత దుప్పటి మర్చిపోకండి.