యూదుల పండుగలు - ప్రయాణికులు

లేవీయకాండము 23వ అధ్యాయమును బోధించుచుండగా ఒక విద్యార్థి లేచి, "అయ్యా, ఈ పండుగలు ఇప్పటికిని జరుగుచున్నవా?" అని యడిగెను. జరుగుచున్నవి. యెరూషలేములోనే కాదు, గుంటూరునుండి పొన్నూరు పోవు మార్గమున, చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెములోను యూదమతము నాచరించువారు కలరు. బెనే ఎఫ్రాయీము అనబడు ఈ తెలుగువారు 1991లో అచ్చట సమాజమందిరమును స్థాపించుకొనిరి. తాము ఎఫ్రాయీము గోత్రమువారమని వారి విశ్వాసము. వారిలో అనేకుల కుటుంబములు పూర్వము మన క్రైస్తవ సంఘములలోనివే.

ప్రయాణికుడు మొదట నెరుగవలసినది దినారంభము. మన పంచాంగమునకు సూర్యోదయముతో దినము మొదలగును, యూదులకు సూర్యాస్తమయముతో. శుక్రవారము ప్రొద్దు గ్రుంకగనే విశ్రాంతిదినము ప్రవేశించును. యెరూషలేములో బస్సులు ఆ మధ్యాహ్నమే తగ్గిపోయి, శనివారము రాత్రివరకు సాధారణముగా తిరుగవు. మన ఆదివారమో, అచ్చట పనిదినము!

వారి నెలలు చాంద్రమానములు. పందొమ్మిది సంవత్సరములలో ఏడు అధికమాసములు వచ్చును. కావున ఉగాదివలెనే వారి పండుగల ఇంగ్లీషు తేదీలు ఏటేట మారును. పస్కా సాధారణముగా చైత్ర పౌర్ణమి దాపున వచ్చును. 2025లో రెండును ఏప్రిల్ 12ననే పడినవి. ఆ వారమున యూదుల అంగళ్లలో పులిసిన రొట్టె దొరకదు. "మరి ఇడ్లీయో?" అని మా విద్యార్థులు తప్పక యడుగుదురు. నిషేధము గోధుమ, యవలు మొదలగు ఐదు ధాన్యములకే. బియ్యము వానిలో చేరదు. అయినను ఐరోపా యూదులలో అనేకులు ఆ దినములలో అన్నమును సహితము ముట్టరు.

అన్నిటికంటె ప్రయాణికుని చిక్కుపరచునది ప్రాయశ్చిత్తార్థ దినము. సుమారు ఇరువదియైదు గంటలు అన్నపానములు లేని ఉపవాసము. ఇశ్రాయేలు దేశములో ఆనాడు విమానాశ్రయము మూయబడును, యూదుల పట్టణములలో బస్సులు నడువవు, అంగళ్లు తెరువబడవు. నిర్జనమైన రాజమార్గములలో పిల్లలు సైకిళ్లు త్రొక్కుచుందురు. రోగుల బండ్లు మాత్రము నడుచును, ఏలయన ప్రాణరక్షణ ఉపవాసముకంటె గొప్పదని వారి ధర్మము. యాత్రకు పోవు మన పెద్దలు మందులను, ఆహారమును ముందురోజే సమకూర్చుకొనవలెను. ఐదు దినముల పిమ్మట, పౌర్ణమినాడు, పర్ణశాలల పండుగ. కొమ్మలతో కప్పిన పందిళ్లలోనుండి నక్షత్రములు కనబడవలెనట. మన చేలలోని మంచె నెరిగినవారికి ఇది క్రొత్త కాదు.

కొత్తరెడ్డిపాలెమువారు విదేశము పోవు నాశతోనే ఈ మతమును బట్టిరని కొందరు నవ్వుదురు. ఒకరి ప్రార్థనను మనమెట్లు తూచగలము? చూడబోవువారు ముందుగా వారి యనుమతి నడుగవలెను. మందిరములో పురుషులు తల కప్పుకొనవలెను. విశ్రాంతిదినమున ఛాయాచిత్రములు తీయరాదు. మన కరపత్రములను సంచిలోనే యుంచుకొనుట మంచిది.