పోటీ పరీక్షల ప్రత్యేకం: ఐఎంఓ, హాంకాంగ్ ఒప్పందం

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంఓ) ఐక్యరాజ్యసమితి ప్రత్యేక సంస్థ. కేంద్ర కార్యాలయం లండన్. వ్యవస్థాపక ఒప్పందం 1948లో జెనీవాలో కుదిరినా అమల్లోకి వచ్చింది 1958లో. భారత్ 1959 నుంచి సభ్యదేశం. 1982 వరకు దీని పేరు ఐఎంసీఓ.

ఇక్కడ ఒప్పందం ఆమోదం పొందిన తేదీ వేరు, అమల్లోకి వచ్చిన తేదీ వేరు. ప్రశ్నపత్రం తయారుచేసేవారికి భలే ఇష్టమైన చోటిది. పాత ఓడలను సురక్షితంగా విడగొట్టడంపై కుదిరిన హాంకాంగ్ ఒప్పందమే చూడండి. ఆమోదం 2009 మేలో, అమలు 2025 జూన్ 26న! షరతులు అలాంటివి మరి: కనీసం 15 దేశాలు చేరాలి, ప్రపంచ వాణిజ్య నౌకల టన్నేజీలో 40 శాతం వాటికి ఉండాలి, ఓడలను విడగొట్టే సామర్థ్యమూ వాటికి తగినంత ఉండాలి. ఈ మూడో షరతు వల్లే గుజరాత్‌లోని అలంగ్ కీలకమైంది. అక్కడ పోటు సమయంలో ఓడను నేరుగా ఒడ్డుకెక్కించి, నీరు వెనక్కి తగ్గాక గ్యాస్ కట్టర్లతో కోస్తారు. భారత్ 2019లో చేరింది. 2023 జూన్‌లో బంగ్లాదేశ్, లైబీరియా చేరడంతో లెక్క కుదిరి 24 నెలల గడువు మొదలైంది. మధ్యలో లైబీరియా ఎందుకంటారా? ఓడ యజమాని ఏ దేశస్థుడైనా, టన్నేజీ మాత్రం ఓడ నమోదైన దేశం, అంటే జెండా దేశం ఖాతాలోనే పడుతుంది.

ఐఎంఓ చూసే మరికొన్ని ఒప్పందాలూ గుర్తుంచుకోండి. టైటానిక్ ప్రమాదం (1912) తర్వాత వచ్చింది సముద్రంలో ప్రాణరక్షణ ఒప్పందం సోలాస్ (1914). ఇప్పుడు అమల్లో ఉన్నది 1974 నాటిది. ఓడల నుంచి కాలుష్యాన్ని అరికట్టే ఒప్పందం మార్పోల్. ఓడల ఇంధనంలో గంధకం పరిమితి 2020 జనవరి 1 నుంచి 0.50 శాతం. జాతీయ సముద్రయాన దినోత్సవం ఏప్రిల్ 5; సెప్టెంబరులో వచ్చేది ప్రపంచ దినోత్సవం.