గిటారు – మొదటి మెట్లు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల విద్యార్థులలో గిటారుపై మక్కువ గలవారు పలువురు కలరు. ఇంటిలో పోరి కొనిపించుకొన్నవారును కొందరు కలరు. కాని కొన్న గిటారు ఆరు మాసములు తిరుగకముందే గోడమేకునకు వ్రేలాడుచుండుట నేను పలుమారు చూచితిని. నా గిటారుకును రెండేండ్లు అదే గతి పట్టినది. నేర్పువారు లేని ఊళ్లలో ఈ వాద్యమును ఎట్లు మొదలుపెట్టవలెనో, నేను పొరబడి తెలిసికొన్న మేరకు, విద్యార్థి మిత్రులకు మనవి చేయుచున్నాను.

తొలుత ఇంటి పెద్దల ప్రశ్న ఒకటి కలదు: "ఇది మన వాద్యమా?" వాయులీనము మాత్రము మనదా? ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపియనుల వాద్యమును నేర్చి మన సంగీతమునకు అలవరచెను. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో ఒక ముస్లిం కుటుంబమున జన్మించిన షేక్ చిన మౌలానా నాదస్వర విద్వాంసుడై 1977లో పద్మశ్రీని, 1998లో సంగీత కళానిధి బిరుదమును పొందెను. ఈ ఇరువురి పేర్లు చెప్పిన పిమ్మట మా ఇంటిలో ఆ ప్రశ్న మరల రాలేదు. రొక్కము సంగతి మాత్రము వచ్చినది.

ఎం.ఏ. చదువుకొను దినములలో నేను నగరమునందలి ఒక శిక్షణాలయములో మూడు నెలల రుసుము చెల్లించి చేరితిని. అచట ఏ తీగపై ఏ సంఖ్య గల మెట్టును నొక్కవలెనో కాగితముపై వ్రాసియిచ్చెడివారు. ఆ అంకెల ప్రకారము మూడు సినిమా పాటలు నేర్చితిని. స్వస్థలమునకు వచ్చిన తరువాత ఆ కాగితములు పోయినవి. వానితోపాటు పాటలును పోయినవి. అప్పుడు గిటారు గోడకెక్కినది.

దానిని దింపించినవారు జమ్మలమడుగులో పౌరాణిక నాటకములకు హార్మోనియము వాయించు ఒక వృద్ధుడు. నా గిటారును ఒడిలో పెట్టుకొని, "ఏం నాయనా, దీంట్లో సా యాడుంది?" అని అడిగెను. చెప్పలేకపోతిని. "అది తెలీకుండా ఇన్నాళ్లూ యేం వాయిస్తివి?" అనెను. సిగ్గుతో, "ఏ తీగ సా అవుతుంది తాతా, నువ్వే చెప్పు" అంటిని. "నువ్వు యాడ పెట్టుకుంటే ఆడే సా. ముందు నోటితో పలుకు. ఆ పలికింది తీగ మీద వెదుక్కో" అనెను. మూడు నెలల శిక్షణలో దొరకనిది నాకు ఆ పూట దొరికినది.

వెదకుట ఎట్లన్నది చూతము. వీణకు వలెనే గిటారుకును మెట్లు కలవు. ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క స్వరస్థానము. మన సంగీతము చెప్పు పండ్రెండు స్వరస్థానములును పండ్రెండు మెట్లలో ఇమిడియున్నవి. లావుపాటి తీగను నొక్కక మీటి, ఆ నాదమును షడ్జమనుకొనుడు. రెండవ మెట్టు చతుశ్శ్రుతి రిషభము, నాల్గవది అంతర గాంధారము, అయిదవది శుద్ధ మధ్యమము, ఏడవది పంచమము, తొమ్మిదవది చతుశ్శ్రుతి ధైవతము, పదునొకండవది కాకలి నిషాదము, పండ్రెండవది పై షడ్జము. ఇదియే శంకరాభరణము. మధ్యమ నిషాదములను విడిచినచో 2, 4, 7, 9, 12 మెట్లపై మోహన వచ్చును. సరళీ స్వరములు నేర్చినవారికి పరిచయమైన మాయామాళవగౌళ కావలెనన్న 1, 4, 5, 7, 8, 11, 12 మెట్లు చాలును. ఒక్క తీగపై ఇవి వచ్చువరకు రెండవ తీగ జోలికి పోరాదని నా అభిప్రాయము.

మెట్లు క్రిందికి పోనుపోను దగ్గరగుట గమనింపదగినది. మ్రోగు తీగ నిడివి సుమారు 65 సెంటీమీటర్లైనచో మొదటి మెట్టు తీగ మొదటినుండి సుమారు 3.6 సెంటీమీటర్ల దూరముననుండును. పదునొకండవ మెట్టునకు, పండ్రెండవ మెట్టునకు నడుమ సుమారు 1.9 సెంటీమీటర్లు మాత్రమే. పండ్రెండవ మెట్టు సరిగా తీగ నడిమిభాగము. సగము తీగ రెట్టింపు వేగముతో కంపించును గనుక పై స్థాయి షడ్జము పలుకును. గణిత విద్యార్థులు కొలబద్దతో కొలిచి చూడవచ్చును.

ఇక శ్రుతి. చేతిఫోను సాయముతో శ్రుతి చేసికొనుట నేడు సులభమే. అయినను చెవితో చేయుట నేర్వవలెను. సన్నని తీగనుండి లెక్కించినచో లావుపాటిది ఆరవది. ఆరవ తీగను అయిదవ మెట్టుపై నొక్కినచో వచ్చు నాదమే అయిదవ తీగ నాదము. ఇట్లే తక్కిన తీగలును. మూడవ తీగనుండి రెండవ తీగకు మాత్రము నాల్గవ మెట్టు. అనగా తీగకు తీగకు నడుమ షడ్జ మధ్యమముల దూరము. ఒక్కచోట మాత్రము షడ్జమునకు అంతర గాంధారమునకు గల దూరము. ఈ ఒక్క మెట్టు తేడా మరచి నేను చాల దినములు రెండవ తీగను తెంపుకొంటిని.

నోటితో పలికి తీగపై వెదకు పద్ధతి నాటక కళాకారుని చమత్కారము మాత్రమే కాదు. 1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ చిన్ననాడే తండ్రి మాండొలిన్‌ను చేపట్టెను. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ వాయించుట రాదు. ఆయన పాడెడివాడు, బాలుడు విని తీగలపై పలికించెడివాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసిన ఆ బాలుడే, 2014లో నలువదియైదేండ్ల ప్రాయమున కన్నుమూయులోపల, ఒక పాశ్చాత్య వాద్యమునకు కర్ణాటక సంగీతమున స్థానము సంపాదించెను. గిటారు గురువు లేని ఊరిలో పాడగల గురువు ఉండవచ్చును. వెదకవలసినది వారిని.

తొలి మాసమున వ్రేళ్లు నొప్పి పుట్టును; దానికి మందు లేదు. దినమునకు రెండుమారులు పావుగంట చొప్పున చాలును. మెట్టు నడినెత్తిన గాక, దాని వెనుకనే ఆనించి నొక్కినచో తక్కువ బలము పట్టును. ఎడమచేతి గోళ్లు పెరుగనీయరాదు. ఉక్కు తీగలకన్న నైలాన్ తీగలు వ్రేళ్లకు మెత్తన. మన ఎండలకు చెమట విస్తారము. వాయించిన తరువాత తీగలు తుడువకున్న ఉక్కు తీగకు త్రుప్పు పట్టును.

పిమ్మట కార్డులు. అయిదవ, నాల్గవ తీగలను రెండవ మెట్టుపై నొక్కి ఆరు తీగలు మీటినచో ఇ మైనరు వచ్చును. దానికి మూడవ తీగపై మొదటి మెట్టును చేర్చినచో ఇ మేజరు. రెండింటికిని భేదమేమి? సాధారణ గాంధారము పోయి అంతర గాంధారము వచ్చినది, అంతియే. పాశ్చాత్యులు విషాదమనియు సంతోషమనియు చెప్పు తేడా ఆ ఒక్క వ్రేలిలోనున్నది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. పఠనమందిరపు ప్రక్కగదిలో ఒక హార్మోనియమును, ఒక గిటారును ఉంచినచో కొనలేని పిల్లలు కూడ చేయి పెట్టి చూడగలరు. కొనదలచినవారు ముందుగా తమ ఓపికను పరీక్షించుకొనగలరు.

గత సంవత్సరము పులివెందులనుండి వచ్చు ఒక విద్యార్థిని, తన గిటారును ఇంటిలో అమ్మివేయుదురని దిగులుతో, "సార్, ఆరు నెలలైనా ఒక్క పాటా రాలేదు" అని నాకడకు వచ్చినది. సా ఎక్కడున్నదని అడిగితిని. ఆమెయు చెప్పలేకపోయినది. ఇప్పుడు మోహనను మూడు తీగలపై వాయించుచున్నది, గిటారును అమ్మలేదు. ఎఫ్ కార్డు మాత్రము ఆమెకు ఇంకను లొంగలేదు. నాకును అంతంతమాత్రమే.