శిశుపోషణ – పారిశుద్ధ్యం

చిల్లుకుండలో ఎంత నీరు పోసినా నిలువదు. కలుషిత జలం త్రాగి తరచు అతిసారవ్యాధికి గురయ్యే శిశువుకు పౌష్టికాహారం ఒంటబట్టదు.

1975 అక్టోబరు 2న 33 ప్రాంతాలలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అనుబంధాహారాన్ని, టీకాలను, ఆరోగ్యపరీక్షలను, పూర్వప్రాథమిక విద్యను అంగన్‌వాడీ అనే ఒకే గడపకు చేర్చింది. మల్కాజ్‌గిరి పేదవాడల పసివారికి ఈ కేంద్రాలు పెద్ద ఆసరా. అక్కడ వడ్డించే ఆహారపు ఖర్చును కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు చెరిసగం భరిస్తున్నాయి. మంచినీటికి, చెత్త తొలగింపుకు మాత్రం నిధులు జలమండలి, నగరపాలక సంస్థల నుండి వేరుగా రావాలి. పద్దులు వేరైనా శిశువు దేహం ఒక్కటే. గుడ్డుకు ధనమిచ్చి మురుగుకాలువను మరచిపోతే, ఆ ధనంలో కొంత వ్యర్థమవుతుంది.

ప్రశ్న: ‘పద్దులు వేరైనా శిశువు దేహం ఒక్కటే’ – వివరించండి.