నెమ్మదిగా తొక్కేవారే ముందు: ఆర్మూర్ నుంచి నాలుగు రోజుల సైకిల్ యాత్ర



సంక్రాంతి సెలవులకు పిల్లలు అమ్మమ్మ ఇంటికో నానమ్మ ఇంటికో వెళ్తే ఇంట్లో మిగిలేది మీరిద్దరే. అందుకే ఈ నెల పాఠం మీ కోసం. భార్యాభర్తలు కలిసి తీరికగా సైకిల్ యాత్ర చేయడం ఎలా?

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాకు చెందిన ఫ్యానీ బుల్లక్ వర్క్‌మన్, ఆమె భర్త డాక్టర్ విలియం హంటర్ వర్క్‌మన్ 1890ల చివర్లో మన దేశంలో గుళ్లు, పాత కట్టడాలు చూస్తూ సైకిళ్లపై తిరిగారు. అప్పటికి విలియంకు 50 ఏళ్లు నిండాయి. 1904లో అచ్చయిన వారి పుస్తకం లెక్క ప్రకారం వారు తొక్కిన దూరం 14,000 మైళ్లు, అంటే సుమారు 22,500 కిలోమీటర్లు. మనకు 90 కిలోమీటర్లు చాలు!

దారి ఇదీ

మొదటి రోజు: ఆర్మూర్ నుంచి పోచంపాడ్, సుమారు 25 కి.మీ. జనవరిలో పసుపు తవ్వకాలు మొదలవుతాయి. పసుపు ఉడికించే చోట కాసేపు ఆగండి. ఎర్రజొన్న చేలు కూడా కనిపిస్తాయి. సాయంత్రం శ్రీరాంసాగర్ జలాశయం చూడండి. దీనికి 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేశారు.

రెండో రోజు: సోన్ దగ్గర గోదావరి దాటి నిర్మల్, సుమారు 20 కి.మీ. పొనికి కర్రతో కొయ్యబొమ్మలు ఎలా చేస్తారో చూడండి. మూడో రోజు మళ్లీ పోచంపాడ్, నాలుగో రోజు ఇల్లు. రెండు చోట్లా బస ముందే ఫోన్ చేసి ఖాయం చేసుకోండి.

44వ జాతీయ రహదారిపై లారీలు, బస్సులు వేగంగా వెళ్తాయి. సర్వీస్ రోడ్డు, ఊళ్ల మధ్య రోడ్లు ఉన్నంతవరకు వాటినే పట్టుకోండి. హైవే తప్పనిచోట ఎడమ అంచున ఒకరి వెనుక ఒకరు వెళ్లండి. పొగమంచు పూర్తిగా వీడాకే బయలుదేరండి. చీకటి పడక ముందే బస చేరండి.

అసలు పాఠం

ఇద్దరి వేగం ఒకటి కాదు. మన అమ్మల్లో చాలామంది బడి దాటాక సైకిల్ ముట్టి ఉండరు. నాన్నల్లో కొందరికి మోకాళ్లు సహకరించవు. ఒకరు గంటకు 15 కి.మీ., మరొకరు 10 కి.మీ. వేగంతో వెళ్తున్నారనుకోండి. పోచంపాడ్‌కు మొదటివారికి 1 గంట 40 నిమిషాలు, రెండోవారికి 2 గంటల 30 నిమిషాలు పడుతుంది. ముందు చేరినవారికి మిగిలేది 50 నిమిషాల ఎదురుచూపు. వెనుకబడినవారికి మిగిలేది "నా వల్లే ఆలస్యం" అన్న బాధ.

అందుకే నెమ్మదిగా తొక్కేవారిని ముందు ఉంచండి. వేగం వారు నిర్ణయిస్తారు. బలమున్నవారు సామాను తమ సైకిల్‌పై పెట్టుకుని వెనుక రావాలి. ఎవరు "ఆగుదాం" అన్నా ఆగాలి, కారణం అడగకూడదు.

ఇంట్లో మార్కుల విషయంలోనూ ఇదే సూత్రం పనికొస్తుంది. "పక్కింటి పిల్లాడు ముందున్నాడు" అంటే మీ బిడ్డ వేగం పెరగదు, "నా వల్లే" అన్న బాధ పెరుగుతుంది.

బయలుదేరే ముందు

• నాలుగు ఆదివారాలు 10 కి.మీ. చొప్పున తొక్కి అలవాటు చేసుకోండి.
• సీటుపై కూర్చుని, కిందికి వెళ్లిన పెడల్‌పై మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. సీటు అంతకంటే కిందికి ఉంటే మోకాళ్లు నొప్పి పెడతాయి.
• బ్రేకులు, గాలి చూసుకోండి. పంక్చర్ కిట్, గాలి పంపు, హెల్మెట్లు, వెనుక ఎర్ర లైటు తప్పనిసరి.
• దాహం వేయక ముందే నీళ్లు తాగుతూ ఉండండి.
• గుండె జబ్బు, బీపీ, మోకాళ్ల సమస్య ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి.

తిరిగొచ్చాక పిల్లలతో చేయించండి

ప్రశ్న: మొత్తం 90 కి.మీ. గంటకు 10 కి.మీ. చొప్పున తొక్కితే ఎన్ని గంటలు? 12 కి.మీ. చొప్పున తొక్కితే ఎంత సమయం మిగులుతుంది?

జవాబు: 9 గంటలు, గంటన్నర. నాలుగు రోజులకు పంచితే రోజుకు 22 నిమిషాల 30 సెకన్లు. ఆ కాస్త సమయం కోసం తొందరపడాలా అని పిల్లలనే అడగండి. వారేమంటారో ఓపికగా వినండి.