చెక్ ఇంజిన్ లైటు వెలిగిందా? పార్టు కొనకముందు పరీక్ష చేయండి

డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ పసుపురంగులో వెలగ్గానే బ్యాటరీ తీగ ఊడదీసి మళ్లీ తగిలించే అలవాటు మన దగ్గర బాగా ఉంది. లైటు ఆరిపోతుంది, తప్పు మాత్రం అలాగే ఉంటుంది. పైగా ఆ తప్పు దొరికినప్పుడు బండి ఎంత వేగంలో ఉంది, ఇంజిన్ ఎంత వేడెక్కి ఉంది అని కంప్యూటర్ రాసిపెట్టుకున్న వివరం చాలా బళ్లలో దాంతోపాటే చెరిగిపోతుంది. దొంగ పాదముద్రలు మనమే తుడిచేసినట్టు అవుతుంది. కాబట్టి మొదటి పని ఏదీ పీకకుండా చూడడం.

లైటు నిలకడగా వెలుగుతోందా, కొట్టుకుంటోందా అన్నది ముందు గమనించండి. నిలకడగా ఉండి బండి మామూలుగా నడుస్తుంటే ఇంటికి చేరవచ్చు. కొట్టుకుంటోందంటే ఇంజిన్ గట్టిగా మిస్ కొడుతోందని అర్థం. ఏదో ఒక సిలిండరులో మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, ఆ వేడికి లోపలి పింగాణీ జల్లెడ కరిగిపోతుంది. ప్లగ్గుతో పోయే ఖర్చు వేలకు వేలవుతుంది. యాక్సిలరేటర్ వదిలేసి పక్కకు ఆపండి. ఆయిల్ లైటో టెంపరేచర్ లైటో ఎర్రగా వెలిగితే వెంటనే ఇంజిన్ ఆపేయాలి, అందులో రెండో ఆలోచన లేదు.

తర్వాత కోడ్ చదవాలి. మన దేశంలో 2013 ఏప్రిల్ తర్వాత బీఎస్-4 కాలుష్య ప్రమాణాల కింద తయారైన పెట్రోలు కార్లలో, తప్పులు కనిపెట్టి కోడ్‌గా రాసిపెట్టుకునే ఓబీడీ-2 వ్యవస్థ ఉంటుంది. స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ కనిపిస్తుంది. ఈఎల్ఎం327 రకం బ్లూటూత్ స్కానర్ దానికి తగిలించి, తాళం ఆన్ చేసి, ఫోన్‌లో టార్క్ లాంటి యాప్ తెరిస్తే కోడ్ వస్తుంది. ఐఫోన్ ఉన్నవాళ్లు దానికి పనిచేసే రకమేనా అని చూసుకుని కొనాలి. కోడ్‌తోపాటు, తప్పు దొరికినప్పటి వివరం ఉండే ఫ్రీజ్ ఫ్రేమ్ అనే పేజీని కూడా స్క్రీన్‌షాట్ తీయండి. యాప్‌లో చెరిపే బటన్ పక్కనే ఉంటుంది, అప్పుడే నొక్కకండి.

ఇక్కడే డబ్బు వృథా అయ్యేది. పి0420 వచ్చిందని కన్వర్టర్, పి0171 వచ్చిందని ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. కోడ్ చెప్పేది లక్షణం. ఏ పార్టు పోయిందో అది చెప్పదు.

బానెట్ ఎత్తి కళ్లతో చూడడం ఉచితం, అది ముందు చేయండి. వానాకాలంలో కొన్నాళ్లు కదలకుండా నిలబడ్డ బండి అయితే ఎలుకలు కొరికిన వైర్లు వెతకండి. మన ఊళ్లలో ఇది చిన్న కారణమేమీ కాదు. ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజిన్‌లోకి వెళ్లే గొట్టం పగిలిందా, సర్వీసింగ్‌లో క్లిప్ వదులుగా పెట్టారా, కనెక్టర్లలో నీళ్లు చేరాయా చూడండి.

పి0302 వచ్చిందనుకుందాం. రెండో సిలిండరు మిస్ అవుతోందని దాని అర్థం. లెక్క సాధారణంగా బెల్టు ఉన్న వైపు నుంచి మొదలవుతుంది. ఇప్పటి పెట్రోలు ఇంజిన్లలో చాలావాటికి ఒక్కో సిలిండరు నెత్తిన ఒక్కో కాయిల్ ఉంటుంది కాబట్టి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయవచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తాళం తీసేసి, రెండో కాయిల్‌ను మూడోదాని చోట, మూడోదాన్ని రెండోదాని చోట పెట్టండి. కనెక్టర్ లాక్ నొక్కి తీయాలి, వైరు పట్టుకుని లాగకూడదు. ఇప్పుడు కోడ్ చెరిపి, స్టార్ట్ చేసి, ఇంటి చుట్టూ నెమ్మదిగా ఒక రౌండు వేయండి. పి0303 వస్తే తప్పు కాయిల్‌తోపాటు నడిచింది, ఆ ఒక్క కాయిల్ మారిస్తే చాలు. మళ్లీ పి0302 వస్తే కాయిల్ మంచిదే. అప్పుడు ప్లగ్గులు ఇదే పద్ధతిలో మార్చి చూడాలి. విప్పే ముందు ప్లగ్గు గుంతలోని దుమ్ము పంపుతో ఊదేయండి, లేకపోతే సిలిండరులో పడుతుంది. తీసిన ప్లగ్గు మొన లేత గోధుమరంగులో ఉంటే సరే. నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువవుతోంది. ఆయిల్ తడి ఉంటే ఇంజిన్ లోపలి సంగతి. బిగించేటప్పుడు మరలు వేళ్లతోనే పట్టించాలి. హెడ్ అల్యూమినియంది, అడ్డంగా ఎక్కితే మర పోతుంది.

పి0171 అయితే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని కంప్యూటర్ మొర. కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు యాప్‌లో చూడండి. సాధారణంగా 10 శాతం లోపు ఉండాలి. ఐడ్లింగ్‌లో బాగా ఎక్కువగా ఉండి 2500 ఆర్పీఎంకి లేపితే తగ్గుతోందంటే, ఎక్కడో గొట్టం పగిలి దొంగగాలి లోపలికి వస్తోంది. ఆర్పీఎంతో పాటు అంకె కూడా పెరుగుతుంటే పెట్రోలు పంపు, ఫిల్టర్ వైపు చూడాలి. కోడ్ ఒకటే అయినా రిపేర్లు పూర్తిగా వేరు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు అన్నిటికంటే ముందు పెట్రోలు ట్యాంకు మూత చూసుకోవాలి. అక్కడి కార్లు ట్యాంకు ఆవిరి బయటికి పోయినా పి0455 లాంటి కోడ్‌తో లైటు వేస్తాయి. పొగ పరీక్షకు వెళ్లే ముందు కోడ్ చెరిపినా లాభం లేదు. బండి తన పరీక్షలు ఇంకా పూర్తి చేసుకోలేదని అక్కడి మిషన్‌కు తెలిసిపోతుంది.

రిపేరు అయ్యాక కోడ్ చెరిపి కొన్నాళ్లు నడిపి, లైటు వెలగకముందే నమోదయ్యే పెండింగ్ కోడ్లు ఏమైనా ఉన్నాయేమో చూడండి. చెరపకపోయినా, వరసగా మూడు ప్రయాణాల్లో తప్పు కనబడకపోతే లైటు సాధారణంగా దానంతటదే ఆరుతుంది.

వారంటీ ఉన్న బండి, పెట్రోలు లైను విప్పాల్సిన పని, కంప్రెషన్, టైమింగ్ చైన్ సమస్యలు ఇంట్లో పెట్టుకోకండి. వర్క్‌షాపుకు వెళ్లినప్పుడు కోడ్, స్క్రీన్‌షాట్, మీరు మార్చి చూసిన ఫలితం మెకానిక్‌కు చూపించండి. ఏ పార్టు మార్చాలన్నా, అది పోయిందని ఏ పరీక్షలో తేలిందో అడిగి తెలుసుకున్నాకే సరేననండి.