మన ఊరి వెబ్‌సైటునకు ఎంత చోటు కావలయును?

బాన్సువాడ ప్రాంతపు విద్యార్థులకు నిజాంసాగరమును గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు. మంజీరా నదిపై 1923లో ఆరంభింపబడి 1931లో ముగిసిన ఆ జలాశయమును హైదరాబాదు సంస్థానపు ఇంజనీరగు నవాబు అలీ నవాజ్ జంగు బహదూరుగారు నిర్మింపజేసిరి. అట్టి పనికి పూనుకొనువారు ముందుగా మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనవలయును. ఎంత నీరు నిలువయుండవలెను? కాలువలో క్షణమునకు ఎంత నీరు పాఱవలెను? నాట్ల కాలమున రైతులందఱును ఒక్కమాఱు నీరు కోరినచో చాలునా? ఒక చిన్న వెబ్‌సైటును నెలకొల్పువారికిని ఈ మూడు ప్రశ్నలే ఎదురగును.

గ్రంథాలయములు, పూర్వవిద్యార్థి సంఘములు, గ్రామ సంఘములు నేడు తమ వార్తలను వెబ్‌సైటు ద్వారమున ప్రకటింప గోరుచున్నవి. ఇందులకగు ధనము సామాన్యముగా పదిమంది ఇచ్చిన చందాయే. అవసరమునకు మించి కొన్నచో చందా వృథయగును. తక్కువ కొన్నచో అందఱు చూడవచ్చిన నాడే సైటు నిలిచిపోవును. కావున అమ్మువారి మాట వినుటకు ముందు మనమే లెక్క వేసికొనుట మంచిది. గుణకార భాగహారములు వచ్చిన విద్యార్థి యెవడైనను ఈ లెక్క చేయగలడు.

వెబ్‌సైటనగా కొన్ని ఫైళ్ల సముదాయము. అవి రేయింబవళ్లు పనిచేయు సర్వరను కంప్యూటరులో నుండును. ఆ సర్వరులో కొంత చోటును అద్దెకిచ్చుటయే హోస్టింగు. నీటి నిలువను టి.యం.సి.లతోను, ప్రవాహమును క్యూసెక్కులతోను కొలిచినట్లే, ఇచ్చట నిలువను మెగాబైట్లతోను, ప్రవాహమును క్షణమునకు ఇన్ని మెగాబిట్లనియు కొలుతురు. 8 బిట్లు కలిసి ఒక బైటు. బిట్టును బైటును ఒకటిగా తలచినవాని లెక్క ఎనిమిదింతలు తప్పును.

మొదట నిలువను చూతము. యూనికోడులో, యు.టి.ఎఫ్.-8 అను పద్ధతి ననుసరించి వ్రాసినపుడు ఇంగ్లీషు అక్షరమునకు 1 బైటు, తెలుగు అక్షరమునకును, గుణింతపు గుర్తునకును, పొల్లునకును ఒక్కొక్కదానికి 3 బైట్లు పట్టును. ‘స్త్రీ’ అను మాటలో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారము అను 6 గుర్తులున్నవి గనుక 18 బైట్లు కావలెను. ఇది విని తెలుగు ఖరీదైన భాషయని భయపడవలదు. పుటకు 2,000 గుర్తుల చొప్పున 200 పుటలు వ్రాసినను 12 లక్షల బైట్లు, అనగా సుమారు 1.2 మెగాబైట్లు మాత్రమే.

చోటును మ్రింగునది మాటలు కాదు, బొమ్మలు. సెల్‌ఫోనుతో తీసిన ఛాయాచిత్రము ఒకటి 4 మెగాబైట్లున్నదనుకొందము. అట్టివి 600 ఉంచినచో 2,400 మెగాబైట్లగును. వానినే తెఱకు తగినంతగా తగ్గించి ఒక్కొక్కటి 200 కిలోబైట్లు చేసినచో 120 మెగాబైట్లతో సరిపోవును.

ఇక ప్రవాహము. దినమునకు 100 మంది వచ్చి తలకు 3 పుటలు చూతురనియు, బొమ్మలతో కూడ పుట 500 కిలోబైట్లనియు అనుకొందము. దినమునకు 150 మెగాబైట్లు, నెలకు 4,500 మెగాబైట్లు, అనగా 4.5 గిగాబైట్లు వెడలును.

అయితే సగటును మాత్రమే నమ్మరాదు. నాట్ల కాలము వంటి దినములు వెబ్‌సైటునకును గలవు. పాఠశాల వార్షికోత్సవపు చిత్రములు ప్రకటించిన సాయంకాలము ఒక్క గంటలో 600 మంది వచ్చిరనుకొనుడు. మొత్తము 1,800 పుటలు. గంటకు 3,600 క్షణములు గనుక రెండు క్షణముల కొక పుట. దీనికి క్షణమునకు 2 మెగాబిట్ల ప్రవాహము చాలును. చిత్రములను తగ్గింపక పుటకు 4 మెగాబైట్లవి రెండు పెట్టినచో 32 మెగాబిట్లు కావలెను. అనగా పదునాఱింతలు. చదువరికిని కష్టమే. క్షణమునకు 2 మెగాబిట్లు అందు ఫోనులో చిన్న పుట 2 క్షణములలో తెఱచుకొనును. పెద్దది 32 క్షణములు పట్టును. అంతసేపు వేచియుండువారు అరుదు.

చలనచిత్రముల విషయమున మఱింత జాగ్రత్త వలయును. క్షణమునకు 5 మెగాబిట్ల చొప్పున 10 నిమిషముల వీడియో 375 మెగాబైట్లగును. 200 మంది చూచినచో 75 గిగాబైట్లు! అది మన నెలసరి ప్రవాహమునకు 16 ఇంతలకంటె ఎక్కువ. కావున వీడియోలను యూట్యూబు వంటిచోట నుంచి, మన పుటలో లంకె నిచ్చుటయే యుక్తము.

పై లెక్కకు మూడింతలు ఎడమిచ్చినను నిలువకు 400 మెగాబైట్లు, నెలకు ప్రవాహము 15 గిగాబైట్లు మించవు. ముందే సిద్ధపఱచిన పుటలను పంపు సైటునకు చిన్న సర్వరు చాలును. అడిగినపుడెల్ల పుటను కొత్తగా కూర్చు సైటునకు మాత్రము అంతకంటె శక్తిగల సర్వరు కావలెను.

మఱియొక సంగతి. నిజాంసాగరమునకు పూడిక చేరి నిలువశక్తి తగ్గినట్లు, వెబ్‌సైటునను పనికిరాని ఫైళ్లు పేరుకొనును. ఏటికొకమాఱు వానిని తీసివేయవలెను. అంతకంటె ముఖ్యము నకలు. లక్షలాది సామాన్యజనులు పుటలు వ్రాసికొనిన జియోసిటీసు అను సేవను యాహూ సంస్థ 2009 అక్టోబరులో మూసివేసెను. నకలుంచుకొననివారి శ్రమ చాలవఱకు నశించెను. కావున ఫైళ్ల నకళ్లు సర్వరు వెలుపల రెండుచోట్ల నుండవలెను. సైటు పేరునకును హోస్టింగునకును ఏటేట చెల్లింపవలసిన రుసుమును, దాని గడువు తేదీని సంఘపు లెక్కల పుస్తకమున వ్రాసియుంచవలెను. ఒక్కరి జ్ఞాపకమునకు విడువరాదు.

విద్యార్థులారా! మీ ఊరి సంఘమువారు వెబ్‌సైటు పెట్టదలచినపుడు కాగితము, కలము తీసికొని పుటలెన్ని, బొమ్మలెన్ని, వచ్చువారెందఱు, రద్దీ దినమేది యని అడుగుడు. ఆ నాలుగంకెలు తెలిసినచో పెద్దలు ఇచ్చిన చందాలో ఒక్క రూపాయయు వ్యర్థము కాకుండ మీరు కాపాడగలరు.